ససా ఒళ్లంత గడ్డి

"రెండు కట్టల కొత్తిమీర ఒక్క దినంల ఎట్ల ఒడిసిపోతది?"

మా అత్తమ్మ రాజక్క ఖాళీ గిన్నెను నా ముఖం ముందు పెట్టి అడిగింది. పొయ్యి మీద చారు మరుగుతోంది. నిన్న అంగట్లో ఆమె తానే ఏరి, వేర్లకున్న మట్టి దులిపించి మరీ తెచ్చిన కట్టలవి.

"నేను పప్పుల నాలుగు రెమ్మలే ఏసిన అత్తమ్మా."

"నాలుగు రెమ్మలకు రెండు కట్టలు పోతయా? అంకిసల రెమ్మంటే కొమ్మా?"

అంకిస మా పుట్టినూరు. చారు రుచి తగ్గినా, చీపురు పుల్ల విరిగినా అత్తమ్మ మాట అంకిస దాకా వెళ్లి గానీ ఆగదు. నేనూ ఊరుకోలేదు.

"మొన్న టమాటలు ఒడిసినయని నన్నే అడిగిండ్రు. తర్వాత మీ సంచిల్నే దొరికినయి."

"టమాటల ముచ్చట ఎందుకిప్పుడు? కొత్తిమీర ముచ్చట చెప్పు."

మా ఆయన నాగేష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. తహసీల్ కచేరీ దగ్గర ఆయనకు జిరాక్స్ దుకాణం ఉంది. పొద్దున పది దాటితే కుల, ఆదాయ దాఖలాల కోసం వచ్చేవాళ్లు వరుస కడతారు. "కొత్తిమీర లేకుంటే చారు దిగదా అవ్వా? నాకు ఆలస్యమైతాంది," అన్నాడు వాళ్లమ్మతో.

"దిగుతది. నీకు చారుకు, చాయకు ఫరకే తెల్వదు."

ముందుగదిలో మా మామ సమ్మన్న టీవీ చప్పుడు తగ్గించాడు. అంటే వింటున్నాడని అర్థం. సరిగ్గా అప్పుడు పెరటి వైపు నుంచి మా నేహా వచ్చింది. నాలుగో తరగతి చదువుతోంది. చేతులు వెనక దాచుకుని నిలబడి, కాసేపటికి తనే ముందుకు చాపింది. చేతుల్లో కొత్తిమీర కాడలున్నాయి, ఆకులు లేవు.

"ససా ఆకులే తిన్నది నానమ్మా. కాడలు మంచిగనే ఉన్నయి. చారుల ఏసుకో."

అత్తమ్మ నవ్వు కనబడకుండా పొయ్యి వైపు తిరిగింది. కొత్తిమీర గొడవ అక్కడితో చల్లారింది.

ససా మా ఇంటికి వచ్చి అప్పటికి పన్నెండు రోజులు. మా ఆయన ఆష్టికి వెళ్లినప్పుడు స్నేహితుడు విలాస్ ఇంట్లో కుందేళ్లను చూసి, నేహా చాలాకాలంగా అడుగుతోందని ఒక పిల్లను అట్టపెట్టెలో పెట్టుకొచ్చాడు. తెల్లటిది. కుడిచెవి మాత్రం బూడిద రంగు. రెండు నెలలు దాటిందని విలాస్ చెప్పాడట. మాది మరాఠీ సరిహద్దు ఊరు. నేహా మరాఠీ బడిలో చదువుతుంది కాబట్టి ససా అని పేరు పెట్టింది. మరాఠీలో ససా అంటే కుందేలు.

"కుందేలుకు కుందేలని పేరేందే? నిన్ను నేను పొల్లా అని పిలుస్తనా?" అంది అత్తమ్మ.

"పిలుస్తవు కద నానమ్మా."

పొల్ల అంటే ఆడపిల్ల. ఆమె రోజుకు పాతికసార్లు అలాగే పిలుస్తుంది. కాబట్టి ససా పేరు ససాగానే ఉండిపోయింది.

పెరట్లో వంటింటి తలుపు పక్కనే పాత కోళ్లగూడు కడిగి, దానికి సున్నం వేయించి ససాను ఉంచాం. గూడు ఊడ్చేది నేనే కనుక ఒక మార్పు నా కంట్లోనే ముందు పడింది. వచ్చిన కొత్తలో దాని పెంటికలు మిరియాల్లా గుండ్రంగా, పొడిగా ఉండేవి. చీపురు తగిలితే దొర్లేవి. ఇప్పుడు మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. మూలన వేసిన గడ్డి మాత్రం వేసింది వేసినట్టే ఉంటోంది. కొత్తిమీరా, క్యారెట్లూ తిని కడుపు చెడిందనుకుని రెండూ మాన్పించాను. మూడు రోజులైనా తేడా కనిపించలేదు. శనివారం బుట్టలో గుడ్డ పరిచి, ససాను పశువుల దవాఖానకు తీసుకెళ్లాం.

అక్కడ కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మరాఠీ ఆమె. ససా పెదవి పైకెత్తి పళ్లు చూసింది, పొట్ట తడిమింది. ఏం పెడుతున్నారని అడిగింది.

"గడ్డే మేడం," అన్నాడు మా ఆయన.

"కొత్తిమీర పెట్టేదాన్ని. ఇప్పుడు పెడ్తలేను," అని నేహా ఒప్పుకుంది.

నేనూ గడ్డేనన్నాను. మేం ముగ్గురం నిజమే చెబుతున్నామనుకున్నాం.

డాక్టరమ్మ "గవత్, గవత్, గవత్" అని మూడుసార్లు అంది. ఎండుగడ్డి అన్నమాట. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయట. గడ్డి నమిలితేనే అరుగుతాయి, పేగులు కదలాలన్నా గడ్డే కావాలి. రోజూ దాని ఒళ్లంత కుప్ప గడ్డి తినాలని రెండు చేతులతో ససా చుట్టూ గాలిలో గీత గీసి చూపించింది. ఒక పూటంతా ఏమీ ముట్టకపోతే వెంటనే తీసుకురమ్మంది. "తల్లిని చూసి నేర్చుకోకముందే తెచ్చినట్టున్నారు. రెండు వారాలు చూడండి. అప్పటికీ గడ్డి పట్టకపోతే వేరే కుందేళ్ల మధ్య పెట్టండి. వాటిని చూసి తింటుంది," అంది.

ఇంటికొచ్చేటప్పుడు బండి మీద మా ఆయన అన్నాడు, "రెండు వారాలకు ఆదివారం నాడు ఎట్లయినా నేను ఆష్టికి పోయేదుంది. అప్పటికి తినకుంటే విలాస్ దగ్గరనే ఇడిసొస్త. బతకాలె కద."

మా ఇద్దరి మధ్య కూర్చున్న నేహా ఒళ్లోని బుట్టను దగ్గరికి లాక్కుంది. ఇల్లు చేరాక చెప్పులు విప్పుతూ నన్నడిగింది.

"ఆష్టిల అన్ని తెల్లయే ఉంటయా మమ్మీ? అన్నిట్ల మన ససాను ఎట్ల గుర్తు పడ్తం?"

"చెవి ఉంది కద."

"వేరే దానికి కూడ గసోంటి చెవి ఉంటే?"

 ఆ పిల్ల ఏడిస్తే ఓదార్చవచ్చు. అది ఏడవలేదు. పెరట్లోకి వెళ్లి, గచ్చు మీద ససాను కూర్చోబెట్టి దాని చుట్టూ చాక్‌పీసుతో గీత గీసింది. చెవులతో సహా కుందేలంత బొమ్మ వచ్చింది. "రోజూ ఇంత గడ్డి," అంది.

గడ్డికి మొదట గుర్తొచ్చింది మా తమ్ముడు ఆనంద్. అంకిసలో అప్పుడే వరి కోతలయ్యాయి. ఫోన్ చేస్తే సోమవారం పొద్దునే బండి వెనక మోపు కట్టుకుని వచ్చాడు. కొత్త గడ్డి, బంగారంలా మెరుస్తోంది. గూట్లో వేయగానే ససా ముక్కు అదిరించింది, ముందుకాళ్లతో గబగబా తవ్వింది, మధ్యలో గుంత చేసుకుంది, అందులో ముడుచుకుని పడుకుంది.

"మీ తమ్ముడు పరుపు పంపిండే సుజాతా," అంది అత్తమ్మ. "మంచిగ నిద్ర పోతాంది, సూడు."

"ఎద్దులు తింటయి కదక్కా!" అన్నాడు ఆనంద్ నొచ్చుకుంటూ.

"అది ఎద్దు కాదు కద నాయనా. సర్లే, చాయ తాగు."

మామ వచ్చి ఒక పుల్ల తీసి, వేళ్ల మధ్య విరిచాడు. ముప్పై ఏళ్లు అడవిశాఖ కట్టెల డిపోలో పని చేసిన మనిషి. మాట తక్కువ. "గింజ ఇడిసిన గడ్డి ఇది," అన్నాడు. "సత్తువంత గింజలకే పాయె. ఇగ మిగిలింది పీచు. పూత రాకముందుగాల కోసి, నీడకు ఎండబెట్టాలె. గరిక అయితే నయం."

చదువుకున్నది నేను. గడ్చిరోలిలో బి.ఎస్సీ. చేసినప్పుడు వృక్షశాస్త్రం నా ప్రధాన విషయం. గింజ పట్టాక ఆకులో ఏం మిగలదో పరీక్షలో రెండు పేజీలు రాసినదాన్ని. ఆ మాట మామ నోట విన్నాక గానీ నాకు గుర్తు రాలేదు.

మరునాడు చీకటితోనే ఆయన కొడవలి తీసుకుని ప్రాణహిత వైపు వెళ్లి, గట్ల మీది లేత గరిక మూట కట్టుకొచ్చాడు. నేను కూర్చుని దాన్నంతా ఏరాను. వయ్యారిభామ ఆకులు తీసేశాను, మేకల పెంటికలు దులిపాను, వేర్లు కత్తిరించాను. తర్వాత వసారాలో మంచం మీద పలచగా పరిచి, పూటకోసారి తిరగేశాను. మూడో రోజుకు గడ్డి ఎండింది. పచ్చదనం పోలేదు. చేతిలోకి తీసుకుంటే డబ్బా మూత తీసిన చాయపత్తిలా కమ్మగా వాసన వేసింది. నాకే తినాలనిపించింది.

ససాకు అనిపించలేదు. ఒక పోచ కొరికి, సగం నమిలి వదిలేసింది. నేహా పొద్దున చాక్‌పీసు బొమ్మ మీద కొలిచి గూట్లో వేసిన కుప్పను సాయంత్రం తీసి మళ్లీ బొమ్మ మీద పేరిస్తే, అంతే ఉంది. 

"గిదంత దాని నసీబు," అన్నాడు మా ఆయన. "విలాస్‌కు ఫోన్ చేసి చెప్పిన. ఈ ఆదివారం కాదు, ఆ పై ఆదివారం తెస్తున్న అని."

"తెస్తనేమో అన్నవా, తెస్త అన్నవా?" అని నేహా అడిగింది.

"తెస్తనేమో అన్న."

"డాడీ అబద్ధం," అంది నాతో.

శుక్రవారం పొద్దున గూడు ఊడుస్తుంటే ససా గడ్డం కింద పసుపుపచ్చగా కనబడింది. తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. వాసన చూశాను. పప్పు. సున్నం వేసిన గూడులో, ఎండుగడ్డి పక్కన కూర్చున్న కుందేలుకు పప్పు ఎక్కడిది? ఇంట్లో ఎవరో దాచి పెడుతున్నారు. ఎవరో పట్టుకోవాలనుకున్నాను. అనుమానం మొదట అత్తమ్మ మీదికే వెళ్లిందని ఒప్పుకోవాలి. భోజనాల వేళ దాకా గూడు దగ్గరికి ఎవరు వెళ్లినా వంటింటి కిటికీలోంచి చూశాను. అత్తమ్మ వెళ్లింది, వట్టి చేతులతో. మామ వెళ్లాడు, నీళ్ల గిన్నె కడిగి పెట్టి వచ్చాడు. దొంగ దొరకలేదు.

మధ్యాహ్నం అందరి తర్వాత నేనొక్కదాన్నే భోజనానికి కూర్చున్నాను. పెరటి తలుపు తీసే ఉంది. కంచం గచ్చుకు తగిలి చప్పుడైంది. అంతే, అంతవరకు బద్ధకంగా పడుకున్న ససా వెనకకాళ్ల మీద లేచి, గూటి తడికెకు ముందుకాళ్లు ఆనించి నా వైపు చూసింది. గడ్డి వేస్తే చెవి కూడా కదపని కుందేలు కంచం చప్పుడుకు నిలబడింది. ఎందుకా అని ఆలోచిస్తూనే అన్నంలో పప్పు కలిపాను, మొదటి ముద్ద తీశాను, ఎడమచేత్తో తడికె ఎత్తి దాని గిన్నెలో పెట్టాను.

పెట్టాక నా చేయి అక్కడే ఆగిపోయింది.

మా అత్తవారింట్లో ఒక అలవాటుంది. కంచం ముందు కూర్చోగానే మొదటి ముద్ద మనం తినం. తీసి పక్కన పెట్టి, నోరులేని జీవానికి వేస్తాం. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి పూటే అత్తమ్మ నేర్పింది. ఇన్నాళ్లూ ఆ ముద్దలు కోళ్లకో, వీధి కుక్కకో వెళ్లేవి. కోళ్లు పోయినేడే అయిపోయాయి. కుక్క కోసం వాకిలి దాకా నడవాలి. వంటింటి తలుపు పక్కనే ఒక నోరులేని జీవం వచ్చి కూర్చున్నాక ఇక ఎవరు నడుస్తారు? ఐదుగురం, రెండు పూటలా, ఎవరి ముద్ద వాళ్లు గిన్నెలో వేస్తున్నాం. దాన్ని పెట్టడమని ఎవరం అనుకోలేదు. తీయడమనుకున్నాం. అందుకే డాక్టరమ్మ అడిగితే గుండె మీద చేయి వేసుకుని గడ్డేనన్నాం. నేను దొంగ కోసం కిటికీలోంచి కాపలా కాసిన ఆ రోజు పొద్దున కూడా నా ముద్ద నేను వేసే ఉంటాను.

కలిపిన అన్నం చల్లారిపోయేదాకా ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత భయం వేసింది. అత్తమ్మకు చెప్పాలి కదా.

రాత్రి భోజనాలప్పుడు, ఎవరూ కంచంలో చేయి పెట్టకముందే చెప్పాను. నా ముద్ద సంగతితోనే మొదలుపెట్టాను.

మా ఆయన చేయి గాలిలోనే ఆగింది. "అరే, నేను కూడ ఏస్తున్న! పొద్దుగాల చాయల బిస్కట్ ముంచి, మొదటి తుంట అందుకే..."

"బిస్కట్ కూడానా?" అన్నాను.

"చాయ కూడ తిండే కద. ముద్ద తీయాలె కద."

మామ దగ్గాడు. "నేను అరటిపండు మొదటి ముక్క కూడ," అని ఒప్పుకున్నాడు. నేహా మాత్రం లెక్క తేల్చింది: "మనందరి ముద్దలు కలిపితే నా కంచమంత ఐతది. ససా కడుపు నా గుప్పెడంత లేదు."

 అత్తమ్మ కంచాన్ని కొంచెం ముందుకు జరిపింది. "అయితే ఏమంటవు? ముద్ద తీయొద్దంటవా?"

"ససాకు వద్దంటున్న అత్తమ్మా."

"మా అవ్వ నాట్లకు పోయొచ్చి ఒక్క రొట్టె కొడితే, దాంట్ల నుంచి తుంట ఇరిసి ముందుగాల గోడ మీద కాకికి పెట్టేది. మేం ఐదుగురం పిల్లలం ఆ తుంట దిక్కే సూసేటోళ్లం. అడిగితే, 'మనకు రొట్టె ఉంది, దానికి లేదు' అనేది. గప్పటి సంది నేను తీయకుంట ఒక్క పూట తినలే. డాక్టరు చెప్పిందని, నువ్వు చదువుకున్నవని ఇగ బందు పెట్టాలె?"

 "బందు కాదు అత్తమ్మా. గట్లనే తింటుంటే దాని పండ్లు పెరిగి నోరు మూతపడదట. కడుపు ఆగిపోతదట. పై ఆదివారం ఆష్టికి పోతది."

నేహా నానమ్మ ముఖంలోకే చూస్తోంది. అత్తమ్మ తన ముద్ద అరచేతిలో పెట్టుకుని లేచింది. చెప్పులు వేసుకుంది. వాకిలి తలుపు తీసి, "కాలూ! కాలూ!" అని వీధి కుక్కను కేకేసింది. కాలు ఆ పూట ఎక్కడ తిరుగుతోందో గానీ, ఆమె వీధి చివరిదాకా వెళ్లి వచ్చేసరికి అన్నం చల్లబడింది. తిని లేస్తూ, "సల్లటి బువ్వ తినుడు నా నసీబుల రాసుంది," అని గోడకు చెప్పింది.

మూడు రోజులు ఇలాగే నడిచింది. మేం కూర్చోవడం, ఆమె లేవడం, "కాలూ!" అనడం. కాలు మాత్రం లాభపడింది. మూడో రోజు నుంచి పిలవకుండానే పూట వేళకు వాకిట్లోకి వచ్చి కూర్చుంటోంది. మా అందరి ముద్దలూ దానికే.

అటు ససా మొదటి రోజు అలిగింది. కంచం చప్పుడుకు లేచి నిలబడింది, ఎంతసేపున్నా ముద్ద రాలేదు, వెనక్కి తిరిగి గోడ వైపు ముఖం పెట్టుకుంది. డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తుండి నేను గంటకోసారి చూశాను. సాయంత్రానికి నాలుగు పోచలు తగ్గాయి. అవి ఎండిన నాలుగు పోచలే అయినా నాకు నిద్ర పట్టింది.

మరునాటి నుంచి కొన్ని పనులు పట్టుగా చేశాను. గడ్డి పొద్దునా, సాయంత్రం కొత్తది వేసి, తడిసినది తీసేసేదాన్ని. ఎంత మిగిలినా సరే, ముక్కు పెట్టి నలిపిన గడ్డిని అది మళ్లీ ముట్టదని నాకు తెలిసింది. అది ఏ మూలన పెంటికలు వేస్తుందో ఆ మూలకే కుప్ప జరిపాను. కుందేలు అక్కడ కూర్చునే ఎక్కువసేపు నములుతుంది. రెండంటే రెండు కొత్తిమీర ఆకులు కుప్ప అడుగున దాచాను. వాటి కోసం తవ్వుతూ మధ్యలో గరిక కూడా నమిలేది. నేహా వాళ్ల నాన్న దుకాణం నుంచి, టేపు అయిపోగా మిగిలిన అట్ట చుట్టలు తెచ్చి వాటిలో గడ్డి కూరింది. ససా వాటిని దొర్లిస్తూ, పోచలు పీకుతూ, పీకింది నములుతూ పూటంతా ఆడింది.

అయినా బొమ్మ మీది కుప్ప సగానికి మించి తగ్గేది కాదు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

బుధవారం మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వస్తుంటే పెరట్లో అత్తమ్మ మాట్లాడుతోంది. చింతపండు గింజలు తీస్తూ గూటి పక్కన పీట వేసుకుని కూర్చుంది. తడికె తెరిచి ఉంది. ఒక గింజ తీసినప్పుడల్లా ఒక పోచ తీసి గూట్లోకి చాపుతోంది.

"తిను, తిను. నీ కోసం నేను సల్లటి బువ్వ తింటాన. నువ్వు గరిక తింటే ఏం పోతది? ముసలాయన గట్ల పొంట నడిసి తెస్తాండు. నీకు మోకాళ్ల నొప్పులున్నయా? లేవు కద. తిను."

ససా ఆమె వేళ్ల దగ్గర మొదలుపెట్టి పోచ చివరిదాకా కరకర నమిలి, మళ్లీ ముక్కు చాపింది. చేతి నుంచి అందితే తింటోంది. నేను పెరటి తలుపు చాటు నుంచే వెనక్కి తిరిగాను. చింతపండు ఆ రోజు సాయంత్రమైనా పూర్తి కాలేదు. గురువారం ఆమె చిక్కుడుకాయలు పట్టుకుని కూర్చుంది. శుక్రవారం ఈనెలు తీయడానికి ఏమీ లేకపోతే, ఉన్న బియ్యమే మళ్లీ ఏరింది.

శనివారం సాయంత్రం నేహా అరుపుకు అందరం పెరట్లోకి పరుగెత్తాం. చాక్‌పీసు బొమ్మ దాదాపు ఖాళీగా ఉంది. పొద్దున ఒళ్లంత పేర్చిన గడ్డిలో బొమ్మ చెవుల మేర మాత్రమే మిగిలింది. గూడు ఊడిస్తే పెంటికలు దొర్లాయి, గుండ్రంగా, పొడిగా. ఒకటి కాగితం మీద వేసి మా ఆయన ముందు పెట్టాను.

"గిది నాకెందుకు సూపెడ్తున్నవ్?" అన్నాడు ముక్కు పట్టుకుని.

"మంచిగున్నదని."

"మంచిదే. కని ఇయ్యాల ఒక్క రోజు తిన్నది. మళ్ల ఎల్లుండి సంది మనమే ముద్దలు షురూ చేస్తం. నా చేతికే అలవాటు పోలే, పొద్దుగాల బిస్కట్ తుంట తీసి దాని ముందట నిలబడ్డ. విలాస్ దగ్గర ఐతే ఈ పరేషాన్ ఉండది." ఆయన తప్పు చెప్పలేదు. ఉదయం బిస్కెట్ తుంట చేతిలో పట్టుకుని, గూటి ముందు బడిలో లేట్‌గా వచ్చిన పిల్లాడిలా నిలబడి ఉండగా నేను కళ్లారా చూశాను.

 నేహా ససాను ఎత్తుకుని వసారాలో కూర్చుంది. ప్రయాణపు అట్టపెట్టెను మా ఆయన తీసి దుమ్ము దులిపాడు.

ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు. రెండింటికి ఆయన ఆష్టికి బయలుదేరాలి. అందరం కంచాల ముందు కూర్చున్నాం. నేహా అన్నం వైపు చూడలేదు. అత్తమ్మ గరిటె పట్టుకుని నిలబడింది గానీ వడ్డించలేదు.

"అవ్వా, జర జల్ది," అన్నాడు మా ఆయన.

"ఏం జల్ది? ముందుగాల అందరు లేవుండ్రి."

"ఎందుకు?"

"వసారల మంచం మీద గడ్డుంది. తలా గుప్పెడు తీసుకపోయి ససా ముందట ఏసి, చేతులు కడుక్కొని రాండ్రి. రెండు పూటల గంతే ఇగ. గడ్డేసి వచ్చినోళ్లకే నేను వడ్డిస్త. బువ్వ ముద్ద కాలుకు. ఎవలన్న గూటి కాడ బిస్కట్ పట్టుకొని కనవడ్డరనుకో, వాళ్లకు ఆ దినం చాయ బందు. నాగేషూ, నీకే చెప్తాన."

మామ అందరికన్నా ముందు లేచాడు. మా ఆయన కూర్చునే ఉన్నాడు. "మరి విలాస్‌కు ఏం చెప్పాలె? తెస్త అన్న కద."

"తెస్తనేమో అన్నవు," అంది నేహా.

"ఏదో ఒకటి చెప్పు. ఆష్టికి నువ్వొక్కనివే పోతాన్నవు," అంది అత్తమ్మ. గరిటెను పులుసు గిన్నె మీద అడ్డంగా పెట్టి, మూత వేసేసి, వసారా వైపు నడిచింది.